అటక మీది పతకం

ఆ ఆదివారం కళ్ళజోళ్ళ షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే, అటక మీది పెద్ద సూట్‌కేసు దించడం. కొత్తగా ఉద్యోగంలో చేరిన కూతురు మర్నాడు ఆఫీసు పని మీద మొదటిసారి ఒంటరిగా ఊరు వెళుతోంది. తొమ్మిదింటికల్లా ఆ పని కానిచ్చి, పేపరు మొహం మీద కప్పుకుని ఒక కునుకు తీయాలని ఆయన ఉద్దేశం. స్టూలు మీదికి కూతురు ఎక్కింది. ఆయన కింద నిలబడి, స్టూలును రెండు చేతులా పట్టుకుని, ఎలా ఎక్కాలో చెబుతున్నాడు.

సూట్‌కేసు కంటే ముందు ఒక అట్టపెట్టె చేతికొచ్చింది. తాడు విప్పితే, ఇరవై ఏళ్ళ కిందట భార్యతో సహా ముగ్గురూ కలిసి వెళ్ళిన థీమ్ పార్కు మొత్తం అందులో ఉంది. ఒక చెవి వంగిపోయిన కుందేలు టోపీ, మొన విరిగిన ప్లాస్టిక్ కత్తి, మడతల దగ్గర చిరిగిన పార్కు మ్యాపు, నీళ్ళు ఇంకిపోయి, ఊపినా లోపల మంచు కురవడం మానేసిన గాజుబుడ్డి. అన్నిటికీ అడుగున, ఎర్ర రిబ్బనుతో, సాసరంత పతకం. దాని మీద ‘పరమ ధైర్యశాలి’ అని ఉంది.

"నాన్నా, నీ మెడల్! ఇది పోయిందనుకున్నాం కదా!" కూతురు స్టూలు మీదే గెంతబోయింది.

ఆ పార్కులోకెల్లా ఎత్తైన రోలర్ కోస్టర్ ఎక్కి, దిగాక ఎవరినీ పట్టుకోకుండా నడిచినవాళ్ళకు ఇచ్చే పతకం అది. నాన్న దాన్ని ఎలా ఎక్కాడో, తలకిందులైనప్పుడు జేబులోని దువ్వెన ఎలా ఎగిరిపోయిందో వింటూనే ఆ పిల్ల పెరిగింది. బడిలో వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకుంది.

వంటగదిలోంచి భార్య తొంగి చూసింది. ఆవిడ లెక్కల టీచరు. పతకాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు ఊరుకుంటుందా? పతకాన్ని ఫొటో తీసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టేసింది. ‘మా నాన్న ధైర్యానికి దక్కిన పతకం. చాలా గర్వంగా ఉంది’ అని రాసింది. పార్కు సంగతి రాయడం మరిచిపోయి, బట్టలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

పావుగంటలో గ్రూపు నిండా చప్పట్లు. ‘ఎవరిని కాపాడారండీ?’ అని కింది అంతస్తు పళ్ళ డాక్టరు అడిగాడు. ‘అబ్బే, అంత పెద్ద విషయమేం కాదండీ’ అని ఈయన కంగారుగా రాశాడు. ‘చూశారా వినయం! వీరులు ఇలాగే మాట్లాడతారు’ అన్నాడు డాక్టరు.

అంతలో అసోసియేషన్ కార్యదర్శి ఫోను చేశాడు. ఆయనకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ఫోను మాత్రం ఆ చెవికే పెట్టుకుంటాడు.

"ఇన్నేళ్ళు మా మధ్యే ఉండి ఒక్క ముక్క చెప్పలేదేమిటి సార్!"

"అది కాదండీ, ఊరికే రైలు ఎక్కినందుకు..."

"రైలా?"

"అంటే నిజం రైలు కాదు, గిర్రున తిరిగి తలకిందులవుతుంది చూడండి..."

"రైలు తలకిందులైందా!" కార్యదర్శి కేక పెట్టాడు. "లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఇరవై నాలుగు మందండీ, కానీ..."

"ఇక చెప్పకండి. తలుచుకుంటే మీకే బాధ." ఫోను పెట్టేశాడు.

పదింటికి గ్రూపులో ప్రకటన వచ్చింది: ‘రైలు ప్రమాదంలో ఇరవై నాలుగు ప్రాణాలు కాపాడిన మన కళ్ళజోళ్ళ సారుకు పదకొండింటికి డాబా మీద అభినందన సభ.’

కూతురు చదివి పడీపడీ నవ్వింది. "వీళ్ళకేమైంది నాన్నా? సభలో నువ్వే అసలు కథ చెప్పెయ్. రోలర్ కోస్టర్ మాత్రం తక్కువా? నీ కూతుర్ని కాబట్టే కదా, రేపు ఒక్కదాన్నే వెళ్ళడానికి నాకు భయం లేనిది!"

ఆయనకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. భార్య చెవి దగ్గర గొణిగింది. "చెప్పేయకూడదూ?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావ్? విన్నావుగా దాని మాట!"

డాబా మీద యాభై కుర్చీలు వేశారు. కూతురు తెచ్చిన పతకం ఆయన మెడలో వేసి, పూలగుత్తి ఇచ్చారు. కార్యదర్శి ఉపన్యాసంలో రైలు మంటల్లో కాలి, వంతెన మీద నుంచి నదిలో పడింది. ఈయన నోరు తెరిచినప్పుడల్లా చప్పట్లు ఆ మాటను మింగేశాయి.

"ఇక ఒక చిన్న మనవి," అన్నాడు కార్యదర్శి. "రాత్రి గాలికి ట్యాంకు మూత తెరుచుకుంది. పావురాలు స్నానాలు చేస్తున్నాయి. ప్లంబరు కాలు బెణికింది. నలభై రెండు ఇళ్ళు తాగే నీళ్ళు. మీలాంటివారు ఉండగా ఇంకెవరిని అడుగుతాం?"

పద్దెనిమిది మెట్ల ఇనప నిచ్చెన. కూతురు ఫోను పైకెత్తి వీడియో తీస్తోంది. దాని కళ్ళలో మెరుపు చూశాక ఆయన కాళ్ళు వాటంతటవే కదిలాయి. నాలుగో మెట్టు మీద ఆగిపోయాయి. పైకి పోవు, కిందికి రావు. ఆయన నిచ్చెనను కావలించుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ప్రార్థిస్తున్నారు," అన్నాడు పళ్ళ డాక్టరు భక్తిగా.

లెక్కల టీచరు లేచి వచ్చింది. "ఎడమ కాలు తీయండి. కింద మెట్టుంది. ఇప్పుడు కుడి కాలు," అంటూ లెక్క చెప్పించినట్టు ఆయన్ను నేలకు దించింది. చెప్పులు విడిచి, గబగబా నిచ్చెన ఎక్కి, పావురాలను అదిలించి, మూత బిగించి, చేతులు దులుపుకుంటూ దిగింది.

అప్పుడు ఆయన పతకం తీసి భార్య మెడలో వేశాడు.

"రైలూ లేదు, ప్రమాదమూ లేదు. ఇది థీమ్ పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కినందుకు ఇచ్చారు. ఎక్కింది నేను కాదు, మా ఆవిడ. నేను పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, సంచులు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఈవిడ మొహం కడుక్కుని వస్తానని పతకం నా మెడలో వేసి వెళ్ళింది. పిల్ల లేచి ‘నాన్నా, నువ్వెక్కావా?’ అంది. ‘ఊ’ అన్నాను."

ఆ ‘ఊ’కు ఇరవై ఏళ్ళు నిండాయి.

ఆయన మొహంలో సిగ్గు ఉండవలసిన చోట గర్వం వెలుగుతోంది. "మూడుసార్లు ఎక్కిందండీ! మూడోసారి రెండు చేతులూ వదిలేసింది!"

కూతురు ఫోను దించింది. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీ నాన్న చెప్పిన ప్రతిసారీ అది పదడుగులు ఎత్తు పెరిగేది. నేనెక్కినదాని కంటే అదే బావుండేది."

కూతురు తండ్రి వైపు చూసింది. నవ్వాపుకోలేక ఆయన భుజం మీద తల వాల్చింది. "పోన్లే నాన్నా. నేను అమ్మ కూతుర్ని కూడా కదా, రేపటి ప్రయాణానికి ఢోకా లేదు."

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కార్యదర్శి కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. మోటారు గది, మీటరు గది, గేటు తాళాలున్న గుత్తిని లెక్కల టీచరు చేతిలో పెట్టాడు. "తొమ్మిదేళ్ళుగా మీలాంటి మనిషి కోసమే వెతుకుతున్నానమ్మా. ఇవాళ్టి నుంచి కార్యదర్శి మీరే. ఎవరైనా పోటీ చేస్తారా?" అని సభను అడిగాడు.

అంత ధైర్యం నలభై రెండు ఇళ్ళలో ఎవరికీ లేకపోయింది.