ప్రమాణపూర్వకంగా కదలని ఇల్లు

“నేటి నుంచి న్యూ కోరింత్ గడ్డ మీద అబద్ధానికి పుట్టగతులుండవు!”

ఊరి చర్చి పెద్ద, డీకన్ ఓబడయా క్రంప్ గారు తమ కొట్లో ఉప్పుచేపల పీపా ఎక్కి ఈ మాట అన్నప్పుడు చప్పట్లకు పైకప్పు ఎగిరిపోయిందనుకోండి! నెబ్రాస్కా మైదానంలో పైకప్పు ఎగిరిపోవడానికి చప్పట్లు అక్కర్లేదు, మామూలు గాలి చాలు. ఆ రోజు మాత్రం గాలి లేదు.

అప్పటికే ఆ ఊళ్ళో సారా మానిపించే సమాజం ఒకటి, ఆదివారం పేకాట మానిపించే సమాజం ఒకటి, ఆడవాళ్ళు నడుముకి బిగించుకునే కట్లు మానిపించే సమాజం ఒకటి ఉన్నాయి. మూడింటికీ అధ్యక్షులు క్రంప్ గారే. మూడోదాంట్లో మీకేం పని అని వారి భార్య నిలదీస్తే, సంస్కరణకు ఆడా మగా తేడా లేదని సెలవిచ్చారు. ఇప్పుడు నాలుగోది, సత్యవ్రత సమాజం. చేరినవాళ్ళకు ఛాతీ మీద నీలం రిబ్బను. రిబ్బను ఉన్నవాడు అబద్ధమాడడు. ఆడినా అది అబద్ధం కాదు. ఈ రెండో ముక్క నిబంధనల్లో ఎక్కడా లేదు గాని, సభ్యులందరికీ కంఠతా వచ్చు.

హల్డా బ్రిక్నెల్ ఉప్పు కొనుక్కోవడానికి వచ్చి ఈ గుంపులో చిక్కుకుపోయింది.

“హల్డా, నువ్వూ ఓ రిబ్బను పెట్టుకో,” అన్నారు క్రంప్ గారు పీపా మీంచే.

“నాకెందుకండీ? నేను అబద్ధాలాడను కదా.”

కొట్టు కొట్టంతా ఒక్కసారిగా ఆవిడ వైపు తిరిగింది. డీకన్ గారికి కుడిభుజం లాంటి ఎలాం టిబ్స్ ముందుకొచ్చాడు. “అబద్ధాలాడనిదానివి రిబ్బనంటే భయమెందుకమ్మా?”

“భయమా, నా మొహమా! ఉన్న ఒక్క గౌనుకీ సూదితో చిల్లి పెట్టుకోవడం ఇష్టం లేక.”

ఆ రోజు నుంచి హల్డా మాట మీద ఊరికి నమ్మకం పోయింది. రిబ్బను లేని మనిషి నిజం చెబుతుందని ఎవరు మాత్రం ఎలా అనుకుంటారు?

ఇక ఆవిడ కష్టం చెప్పాలి. సర్కారువారి చట్టం ప్రకారం ఆ నేల మీద ఐదేళ్ళు కాపురముండి, దున్ని, ఇల్లు కట్టుకుని, సాక్షుల చేత ప్రమాణం చేయిస్తే నూట అరవై ఎకరాలకు పట్టా ఇస్తారు. ఈ నేలంతా మనం వచ్చేదాకా ఖాళీగా పడి ఉందని క్రంప్ గారు ప్రతి జూలై నాలుగు స్వాతంత్ర్య దినానికీ ప్రసంగిస్తుంటారు. ఆ ఖాళీలో తాతముత్తాతల నాటి నుంచి మొక్కజొన్న పండించుకున్న పానీ తెగ ఆదివాసుల్ని దక్షిణానికి తోలేసిన ఏడు మాత్రం ఆ ప్రసంగంలోకి రాదు. వారిని తప్పుపట్టకూడదు. సత్యవ్రత సమాజం అప్పటికింకా పుట్టలేదు.

హల్డా, ఆవిడ మొగుడు అమాసా బండి దిగినప్పుడు అక్కడ చెట్టన్నది లేదు. పచ్చిక వేళ్ళతో సహా మట్టిపెళ్ళలు కోసి, గోడలు పేర్చి, ఇల్లనిపించుకున్నారు. వానొస్తే లోపల బురద, వాన వెలిశాక కూడా లోపల బురదే. కిటికీకి గాజు లేదు, కొవ్వు రాసిన కాగితం అంటించారు. రెండో చలికాలం అమాసా జ్వరంతో పోయాడు. వాగు పక్క మిట్ట మీద ఆవిడే పూడ్చుకుంది. మిగిలిన ఏళ్ళు ఒంటిచేత్తో దున్నుకుంది. ఇన్నేళ్ళూ ఏడవని మనిషి, ఆ నేల పోతుందేమో అన్న మాట వినగానే కొడవలి పక్కన పడేసి ఏడ్చింది.

ఎందుకు పోతుందంటారా? వాగు ఉంది కాబట్టి! రైలు కంపెనీవాళ్ళు వచ్చి కొలతలు వేసుకుని, ఇంజను నీళ్ళతొట్టి కట్టడానికి ఇదే అనువైన చోటన్నారు. అన్న వారానికే క్రంప్ గారికి చట్టం మీద విపరీతమైన భక్తి పుట్టింది. చెక్క నేల, గాజు కిటికీ లేనిది ఇల్లే కాదని, హల్డా ఉంటున్నది బొరియ అని, ఆ భూమి వేరే యోగ్యులకు, అంటే తమ మేనల్లుడికి, ఇవ్వాలని ఫిర్యాదు పంపారు.

పంపి, మర్నాడు తామే బగ్గీలో వచ్చారు పరామర్శకు.

“దిగులు పడకు హల్డా. నా దగ్గర చెక్క ఇల్లుంది చూశావూ, పచ్చ తలుపుది? తనిఖీ రోజున ఓ పూట నీ పొలంలో నిలబెడతాను. అందులోనే ఉంటున్నానని ప్రమాణం చెయ్యి. పట్టా వచ్చాక వాగు పక్క ముక్క నాకు రాసిచ్చెయ్యి.”

ఆ ఇంటి సంగతి కౌంటీలో తెలియనిదెవరికి! నాలుగు చక్రాల మీద కట్టిన ఇల్లది. చక్రాలు కనబడకుండా చుట్టూ పలకలు వేలాడదీశారు. లోపల దుప్పటి పరచిన మంచం, కిటికీలో ఎర్రపూల కుండీ, బల్ల మీద తెరిచిపెట్టిన బైబిలు. సమాజం సభ్యులు ఊళ్ళో మెత్తటి పరుపుల మీద పడుకునేవారు, వారి పొలాల్లో కాపురాలు మాత్రం ఈ ఇల్లు చేసేది. తనిఖీ ఎక్కడుంటే ఎడ్లు దాన్ని అక్కడికి లాక్కెళ్ళేవి. పడమటికి వచ్చినవాళ్ళలో ఆ ఇల్లు తిరిగినంత ప్రయాణం ఎవరూ తిరగలేదు.

“ఇన్నేళ్ళూ నిజంగా ఉన్నదాన్ని,” అంది హల్డా, “ఎప్పుడూ లేని ఇంట్లో ఉన్నానని ప్రమాణం చెయ్యమంటారా? అబద్ధం కాదూ?”

“అబద్ధమేమిటి, తప్పు తప్పు! లాంఛనం! మొగుణ్ణి పూడ్చిన నేల పోగొట్టుకుంటావా, చెప్పు?”

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. అయినా ఆవిడ తల అడ్డంగానే ఊపింది. “అమాసా వింటున్నాడండీ. వెళ్ళిరండి.”

తనిఖీ అధికారి మేజర్ లూషియస్ పెల్ గారు రానే వచ్చారు. మనిషికి ముందు మీసం, మీసానికి ముందు పేరు! దొంగ ప్రమాణం చేసినవాళ్ళను జైలుకు పంపడంలో ఆయనకు ఆయనే సాటి. పొద్దున టిబ్స్ పొలం, భోజనం ఊళ్ళో క్రంప్ గారింట్లో, ఆ తర్వాత హల్డా పొలం, చిట్టచివర క్రంప్ గారి పొలం. నాయకుడనేవాడు అందరికంటే వెనక ఉండాలని డీకన్ గారే వినయంగా కోరుకున్నారు. ఆ భోజనం జరుగుతుండగా ఇల్లు టిబ్స్ పొలం నుంచి క్రంప్ గారి పొలానికి చేరిపోవాలి.

టిబ్స్ పొలంలో అంతా సవ్యంగా జరిగింది. మేజరు గారు కిటికీ గాజు మీద వేలితో కొట్టి చూసి సరేనన్నారు. ఆయన గుర్రం మలుపు తిరగ్గానే యోస్ట్ అనే జర్మను బండివాడు ఎడ్లను ఇంటికి పూన్చాడు.

అయితే ఇంటికైనా వాగు దాటాలంటే ఒక్కటే చోటు, హల్డా పొలం. దాటి గట్టెక్కి, ఆవిడ మట్టింటి పక్కకు వచ్చేసరికి ఇరుసు ఫెళ్ళుమని విరిగింది!

హల్డా పిండి చేతులతో బయటికొచ్చింది. “ఏమిటిది యోస్టూ?”

“ఇల్లమ్మా.”

“ఇల్లని కనబడుతూనే ఉంది. నా గుమ్మం ముందెందుకుందని?”

“నన్నేమీ అడక్కు తల్లీ. ఎడ్లు తోలేవాణ్ణి, రిబ్బను లేనివాణ్ణి. కమ్మరి దగ్గరికెళ్ళి ఇరుసు తెస్తాను.” అని ఎడ్లను విప్పుకుని పోయాడు.

అక్కడ క్రంప్ గారింట్లో డీకన్ భార్య వేడి వేడి గూస్‌బెర్రీ పళ్ళ రొట్టె తెచ్చి పెట్టింది. అది తిని, ఇంకోటి తిని, కబుర్లు చెప్పుకునేసరికి రెండు గంటలు గడవాలని లెక్క. మేజరు గారు పళ్ళెం వెనక్కి నెట్టేశారు.

“క్షమించాలి. నాకు అజీర్తి. పదండి, ఆ వితంతువు పొలం చూసేద్దాం.”

“అయ్యో, కొంచెం ఎంగిలి పడండి! పోనీ కాఫీ...”

“అజీర్తి అంటుంటే కాఫీ ఏమిటండీ!”

డీకన్ గారు, టిబ్స్, మరో నలుగురు రిబ్బను పెద్దలు వెంట బయల్దేరక తప్పలేదు. మిట్ట ఎక్కి చూస్తే ఏముంది! హల్డా మట్టింటి పక్కన పచ్చ తలుపు ఇల్లు కాస్త ఒరిగి నిలబడి ఉంది. ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“ఈవిడకి ఇల్లే లేదని కదూ మీ ఫిర్యాదు?” అన్నారు పెల్ గారు గుర్రం దిగుతూ. “మరి ఇదెవరిది?”

“నాది కాదండీ,” అంది హల్డా. “నా ఇల్లు ఇదిగో, ఈ మట్టిది.”

మేజరు గారు మీసం దువ్వుకున్నారు. “పచ్చ తలుపు... ఎర్రపూల కుండీ... టిబ్స్ గారూ, పొద్దున మీ ఇల్లు అచ్చం ఇలాగే ఉన్నట్టుందే? పోయిన నెల పక్క కౌంటీలో ఒకే ఇంటిని రెండు చోట్ల చూపించారు కొందరు పెద్దమనుషులు. ఇప్పుడు జైల్లో రాళ్ళు కొట్టుకుంటున్నారు.”

టిబ్స్ గభాల్న ముందుకు దూకాడు. “ఆవిడదేనండీ!” అని గావుకేక పెట్టాడు. “ఆ ఇల్లు ఆవిడదే!”

డీకన్ గారి బుర్ర గిర్రున తిరిగింది. ఇల్లు తనదంటే టిబ్స్ జైలుకి. టిబ్స్ వెళ్తే నోరు మూసుకోడు, తనూ జైలుకి. టిబ్స్‌దంటే ఇక్కడెందుకుందని మేజరు అడుగుతాడు. ఎటు చూసినా ఒక్కటే దారి!

“ఆవిడదే, ఆవిడదే! వినయం కొద్దీ కాదంటోంది.”

హల్డాకు మతిపోయింది. “అదేమిటండీ డీకన్ గారూ! ఇది మీ ఇల్లు కాదూ?”

“నోర్ముయ్ హల్డా! సర్కారు అధికారి ముందు అబద్ధమా!”

“వినయం కాదు మేజరు గారూ, ఆవిడ స్వభావమే అంత,” అన్నాడు టిబ్స్. “చూడండి, రిబ్బనేదీ?”

పెల్ గారు చూశారు. నిజమే, ఆరుగురి ఛాతీల మీదా రిబ్బన్లున్నాయి, ఆవిడ గౌను మీద పిండి మాత్రమే ఉంది. “ఈ ఇల్లు ఎప్పటి నుంచి ఇక్కడుంది?”

“ఐదేళ్ళ నుంచీ! అంగుళం కదల్లేదు!” అన్నారు డీకన్ గారు. “పాపం అమాసా స్వయంగా కట్టుకున్నాడు. మేకులు నేనే అందించాను.”

“కొంచెం ఒరిగినట్టుందే?”

“మగదిక్కు లేని ఇల్లు కదండీ!”

ప్రమాణానికి బైబిలు కావలసివచ్చింది. డీకన్ గారు చీకట్లో కూడా తడుముకోకుండా వెళ్ళగలిగినంత అలవాటుగా పచ్చ తలుపు తోసుకుని వెళ్ళి, బల్ల మీది బైబిలు పట్టుకొచ్చారు. ఆరుగురూ చెయ్యి వేసి, ఇల్లు బ్రిక్నెల్ గారిదేనని, పుట్టి బుద్ధెరిగి అది కదలగా చూడలేదని ప్రమాణం చేశారు. మేజరు గారు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు.

“అమ్మా,” అన్నారు చివరికి హల్డా వైపు తిరిగి, గంభీరంగా. “లేని ఇల్లు ఉందనడమే కాదు, ఉన్న ఇల్లు లేదనడం కూడా నేరమే. ఆడకూతురివని ఈసారికి క్షమిస్తున్నాను. ఈ పెద్దమనుషుల సత్యసంధత చలవ వల్ల పట్టా నీకు ఖాయం చేస్తున్నాను. వాళ్ళకు దణ్ణం పెట్టుకో!”

హల్డా మిట్ట మీది అమాసా సమాధి వైపు చూసింది. నవ్వొచ్చింది, దాంతో పాటే కళ్ళనీళ్ళూ వచ్చాయి.

సాయంత్రం డీకన్ గారి పొలంలో మోకాలెత్తు గడ్డి తప్ప మరేమీ లేదు.

“పొలంలో మీరుంటున్న ఇల్లేదీ?”

“గాలికి... ఎగిరిపోయిందండీ.”

“ఏ గాలికి?”

“నిన్నటి గాలికి.”

“నిన్న నా టోపీ కూడా కదల్లేదే!” అని డీకన్ గారి దరఖాస్తు కొట్టేశారు పెల్ గారు.

రైలు కంపెనీ నీళ్ళతొట్టికి హల్డాతోనే ఒప్పందం చేసుకుంది. డీకన్ గారు మాత్రం చెక్కుచెదరలేదు. వచ్చిన ఆదివారం సత్యవ్రత సమాజంవారు సభ చేసి, మేజరు పెల్ గారికి గౌరవ సభ్యత్వమిచ్చి రిబ్బను తగిలించారు.

సభ ముగిశాక మేజరు గారు ఒంటరిగా గుర్రమెక్కి హల్డా పొలానికి వచ్చారు. ఆవిడ ఎదురెళ్ళింది. పట్టా వెనక్కి లాక్కోవడానికే అనుకుంది. ఆయన తిన్నగా పచ్చ తలుపు ఇంటి దగ్గరికెళ్ళి, వంగి, కింది పలక ఎత్తి చూశారు.

“చక్రాలు!”

“ఔనండీ. నాది కాదని ఆ రోజే మొత్తుకున్నాను. మీరు వినలేదు.”

“నాకూ ఆ రోజే తెలుసమ్మా.” ఆయన అటూ ఇటూ చూసి, టోపీ తీసి, గొంతు తగ్గించారు. “పై కౌంటీలో నాకూ నూట అరవై ఎకరాలున్నాయి, బావమరిది పేరు మీద. వచ్చే నెల తనిఖీ. ఈ ఇల్లు గనక ఓ పూటకి...”

హల్డా ఊపిరి పీల్చుకుంది. ఆయన మీసం వైపు, రిబ్బను వైపు మార్చి మార్చి చూసింది.

“ఇద్దును గాని బాబూ, ఇది కదలదండీ.”

“ఇరుసు నేను వేయిస్తాను!”

“ఇరుసు మాట కాదు. ఐదేళ్ళుగా అంగుళం కదల్లేదని ఆరుగురు పెద్దలు బైబిలు ముట్టుకుని చెప్పారు, మీరు రాసుకున్నారు. ఇప్పుడిది కదిలి మీ పొలంలో తేలితే ఆ ఆరుగురితో పాటు మీరూ రాళ్ళు కొట్టాలి కదూ?”

మేజరు గారు చేసేదిలేక టోపీ పెట్టుకున్నారు. పోతూ పోతూ అధికారి దర్పం మళ్ళీ తెచ్చుకుని అడిగారు. “అది సరే, అసలు నువ్విందులో కాపురమైనా ఉంటున్నావా?”

“ఈ గాలి దూరే చెక్కింట్లోనా? చలికాలం మట్టింట్లోనే వెచ్చన.” హల్డా పచ్చ తలుపు తీసింది. దుప్పటి పరచిన మంచం మీంచి ఓ పెట్ట కొక్కొక్కొమంటూ లేచింది. ఆవిడ వేడి గుడ్లు రెండు తీసి ఆయన చేతిలో పెట్టింది. “కోళ్ళు మాత్రం నిజంగా ఇందులోనే కాపురముంటున్నాయండీ. కావలిస్తే ప్రమాణం చేస్తాను, బైబిలు తెమ్మంటారా?”