సగం సినిమా బందిపోటు

ఆ పొద్దున మస్తానయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, నారుమడి చూసి వచ్చి, రాత్రి నిద్ర ముంచుకొచ్చి ఆపేసిన కౌబాయ్ సినిమాలో మిగతా సగం చూడాలి. కూతురు అనూష ఫోన్‌లో పెట్టిచ్చిన ఆ పాత సినిమాలో గుర్రాలకు తప్ప అందరికీ తెలుగు వచ్చు. నిక్షేపంలాంటి ఒక రైతు మీద చెయ్యని దొంగతనం మోపుతారు. అతను మొహానికి గుడ్డ కట్టుకుని, గుర్రమెక్కి, బందిపోటుగా మారే చోట మస్తానయ్య గుర్రు పెట్టాడు.

టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే పక్క చేను చంద్రమౌళి వాకిట్లోకి వచ్చిపడ్డాడు.

"ఏందన్నా ఇది? నిన్న సాయంత్రం వంతు నాది. నీళ్ళేమో నీ చేలో ఉండాయి. కాలవ గట్టు మీద చూస్తే నీ పార ఉండాది!"

కొడవలూరు పక్కనున్న ఆ ఊళ్ళో ఎవరి వంతు వస్తే వాళ్ళు కాలవ గట్టు మీద తమ పార గుచ్చి ఇంటికి వచ్చేస్తారు. నీళ్ళు పంచే మాలకొండయ్య పిడి మీద గుర్తు చూసి, ఆ పార ఎవరిదైతే వాళ్ళ చేలోకి నీళ్ళు తిప్పుతాడు. అక్కడ పార గుచ్చడమంటే సంతకం పెట్టినట్టే. నీళ్ళ దగ్గర తగాదా వస్తే ఊరంతా మస్తానయ్య మాటే వింటుంది. ఆ మంచిపేరంటే ఆయనకు పొలం కన్నా ఎక్కువ ప్రాణం.

"నా పార ఇంట్లోనే ఉండాది గదబ్బా," అంటూ మస్తానయ్య గోడవైపు చూశాడు. పార లేదు.

"చూసినావా, మాట రాలా!" అని వీధంతా వినబడేట్టు అరిచి చంద్రమౌళి వెళ్ళిపోయాడు.

భార్యను అడుగుదామంటే పిచ్చమ్మ పాలు పొయ్యడానికి వెళ్ళింది. మస్తానయ్యకు కడుపు మండిపోయింది. సినిమాలో ఆ రైతు కూడా ఇలాగే గుడ్లప్పగించి నిలబడ్డాడు. "చెయ్యకుండానే దొంగనైనాగా, ఇంక చేసే చూపిస్తా," అనుకుని, ఎర్రగళ్ళ తువ్వాలు ముక్కు మీదుగా బిగించి కట్టాడు. గుర్రం లేదు కాబట్టి మోపెడ్ ఎక్కాడు.

టీ అంగడి దగ్గర జనం హడలిపోతారనుకుంటే, "ఏం మస్తానన్నా, పన్ను నొప్పా?" అన్నాడొకడు. "లవంగం పెట్టుకో, చిటికెలో పోతాది," అన్నాడు ఇంకొకడు. బడికి పోతున్న ఎలిశబెతు టీచరమ్మ అయితే మోపెడ్ ఆపించి, "అయ్యో, దవడ బాగా వాచినట్టుందే!" అని జాలిపడి, అక్కడికక్కడే పిచ్చమ్మకు ఫోన్ చేసి చెప్పింది. ఒక్కరంటే ఒక్కరికీ ఆయన దొంగలా కనబడలేదు. అది ఇంకా పెద్ద అవమానమైపోయింది.

తగాదాకు రాకముందే చంద్రమౌళి కాలవలోంచి తిప్పుకున్న నీళ్ళు అతని చేలో నిండుగా ఉన్నాయి. మస్తానయ్య పార ఇంకా కాలవ గట్టు మీదే ఉంది. దాన్ని పీకి, రెండు చేల మధ్య గట్టుకు గండి కొట్టాడు. నీళ్ళు బిరబిరా తన చేలోకి దిగాయి. పరాయి నీళ్ళు ముట్టుకోవడం జన్మలో అదే మొదలు. అటూ ఇటూ చూశాడు. కాస్త బాగుందని కూడా అనిపించింది.

అంతలో గట్టు మీద ఓ చిన్న ఊరేగింపు కనబడింది. ముందు చంద్రమౌళి, వెనక అతని భార్య భానుప్రియ, మాలకొండయ్య, చివర లవంగాల పొట్లంతో పిచ్చమ్మ.

"అన్నా, నన్ను చెప్పుతో కొట్టు!" అన్నాడు చంద్రమౌళి. "మా పార పిడి విరిగిందని, నిన్న ఈమె వదిన్ని అడిగి మీ పార తెచ్చి గుచ్చినాదంట. నాకు తెలియలా!"

"గుర్తు చూసి నేను నీ చేలోకి తిప్పినా," అన్నాడు మాలకొండయ్య తల గోక్కుంటూ.

"పరాయి చుక్క ముట్టని మనిషిని పట్టుకుని నోరు పారేసుకున్నా గదన్నా!"

ఆ పరాయి చుక్కలు మస్తానయ్య చీలమండల చుట్టూ తిరుగుతున్నాయి. మాలకొండయ్య కిందికి చూశాడు.

"ఈ గండి ఎవురు కొట్టినారు?"

నిజం చెప్పాలనే మస్తానయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా కాపాడుకున్న పేరు ఆ నీళ్ళతోపాటు కొట్టుకుపోవడం కళ్ళకు కట్టింది.

"ఎండ్రకాయ," అన్నాడు తువ్వాల్లోంచి. "బొక్క పెట్టినట్టుండాది. పూడుద్దామనే వచ్చినా."

"నువ్వు చెప్పినాక ఇంకేముండాది," అని చంద్రమౌళి అదే పారతో గండి పూడ్చేశాడు.

"ముందు ఆ తువ్వాలు తియ్యయ్యా," అంది పిచ్చమ్మ. "పొద్దున బాగానే ఉంటివే, ఇంతలో ఏం పుట్టింది?"

అందరూ ఆయన మొహంలోకే చూశారు. పన్ను నొప్పి కాదంటే తువ్వాలెందుకో చెప్పాలి. తువ్వాలెందుకో చెబితే గండి సంగతీ చెప్పాలి.

"పన్నే," అని మస్తానయ్య దవడ పట్టుకుని మూలిగాడు.

చేసిన తప్పు దిద్దుకునే అవకాశం దొరికిందని చంద్రమౌళి పొంగిపోయాడు. ఆయన్ను బండెక్కించి కొడవలూరులో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఏ పన్నని డాక్టరు అడిగితే మస్తానయ్య వేలికందిన పన్ను చూపించాడు.

"ఇది రాయిలా ఉందే! నిజంగా ఇదేనా?"

పక్కనే చంద్రమౌళి కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదే సార్. పీకెయ్యండి."

సాయంత్రం బుగ్గలో దూదితో మస్తానయ్య మిగతా సగం సినిమా చూశాడు. చివర్లో ఊరంతా బందిపోటును నిర్దోషి అని భుజాలకెత్తుకుంది. మధ్యలో అతను నిజంగా చేసిన దొంగతనాల ఊసు ఎవరూ ఎత్తలేదు. మస్తానయ్యకు నవ్వొచ్చింది కానీ, నవ్వితే నొప్పెట్టింది.

చెయ్యని తప్పుకు నింద మోసిన ఎండ్రకాయలు మాత్రం ఆ మర్నాటినుంచే గట్టుకు నిజంగా బొక్కలు పెట్టసాగాయి.