తాగునీళ్ళలో అక్రమ కాలనీలు

ఒక పెద్ద అడవిలో చదువుకున్న జంతువులు ఎక్కువైపోతే, వాటికి ఉద్యోగాలు చూపించడానికి ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. అందులో సూక్ష్మజీవశాస్త్రం మొదటి సంవత్సరంలో వల్లిక అనే అలుగు చేరింది. ఒళ్ళంతా గట్టి పెంకులే గాని మనసు పిరికిది. ఎవరైనా గొంతు పెంచితే చాలు, చుట్టుకుని బంతైపోయేది.

పాఠం చెప్పేది రోమశాచార్యులు అనే ఎలుగుబంటి. పాతికేళ్ళుగా అవే నోట్సు.

"వైరస్‌కు ప్రాణం ఉందా లేదా అని పరీక్షలో అడుగుతారు. కణంలో దూరితే ఉన్నట్టు, బయటుంటే లేనట్టు అని రాయండి. అయిదు మార్కులు. అంతకుమించి ఆలోచిస్తే టైము చాలదు," అనేవాడు.

ఆ ఏడు తనిఖీ సంఘం వస్తోందని తెలిసి, మొదటిసారిగా ప్రాక్టికల్స్ కూడా పెట్టారు.

అప్పుడే వానలు పడి, హాస్టల్లో కుందేళ్ళకు విరేచనాలు పట్టుకున్నాయి. వల్లిక గదిలో ఉండే చెంగల్వ అనే కుందేలు నాలుగు రోజుల్లో చెవులు నిలబెట్టలేని స్థితికొచ్చింది.

"నాకేమైనా అయితే నా నోట్సు నువ్వు తీసుకోవే," అంది నీరసంగా.

వల్లికకు ఏడుపొచ్చింది. ఆ నోట్సులో మూడే పేజీలున్నాయి.

ప్రాక్టికల్ రోజున, తోచిన చోటి నుంచి నమూనా తెచ్చి అగర్ ప్లేటు మీద గీయమన్నారు. కంటికి కనబడని క్రిమి ఆ మెత్తటి మేత మీద ఒకటి రెండై, రెండు నాలుగై, మర్నాటికి చుక్కలా కనబడుతుంది. ఆ చుక్కను కాలనీ అంటారు. వల్లిక హాస్టల్ తాగునీళ్ళు తెచ్చి వేసింది. మర్నాడు చూస్తే ప్లేటు నిండా గులాబీ రంగు చుక్కలు. పేడలో ఉండాల్సిన క్రిములు!

ఎలుగుబంటి ప్లేటు చూసి, లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?"

"పై మడుగు నుంచండి."

పై మడుగులో పొద్దస్తమానం పొర్లేది వైస్ ఛాన్సలర్ అడవిదున్నగారి బంధువర్గం.

"నువ్వు ప్లేటు సరిగ్గా గీయలేదమ్మా."

"మూడుసార్లు గీశానండి."

"మూడుసార్లూ సరిగ్గా గీయలేదు."

సంగతి రిజిస్ట్రార్ నక్క దాకా పోయింది. అతను వల్లికను పిలిపించాడు.

"ఏమ్మా, మన నీళ్ళలో కాలనీలు వెలిశాయట. ఎవరి అనుమతితో?"

"వాటంతటవే పెరిగాయండి. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి."

నక్క గుమాస్తా వైపు తిరిగాడు. "ఖాళీ చేయమని నోటీసు రాయండి. రాసేసరికి గంట పడుతుంది గనుక ఎనిమిది కాపీలు తీయండి." మళ్ళీ వల్లికతో, "సోమవారం తనిఖీ! అప్పటిదాకా నోరెత్తితే పేరు కొట్టేస్తాను," అని గద్దించాడు.

వల్లిక బంతైపోయింది. బంతిలోంచే సన్నగా, "చెంగల్వ చచ్చిపోతుందండీ," అంది.

"తనిఖీ అయ్యాక," అన్నాడు నక్క.

సోమవారానికి ప్లేట్లన్నీ ఆవిరి యంత్రంలో ఉడికించారు. ప్లేట్లలో ఉన్న క్రిములన్నీ చచ్చాయి. నిగనిగలాడే ఖాళీ ప్లేట్లను వరసగా పేర్చి, 'మన తాగునీరు' అని చీటీ అంటించారు.

తనిఖీ సంఘం పెద్ద నెమలిగారు పింఛం సర్దుకుంటూ ప్లేట్లన్నీ చూశారు. "ఒక్క చుక్కా లేదే! ఇంత శుభ్రమైన సూక్ష్మజీవశాస్త్ర విభాగం నేనెక్కడా చూడలేదు," అని అందరికంటే పై గ్రేడు రాశారు.

దున్నగారు పొంగిపోయారు. "అయితే మన నీళ్ళతోనే అందరికీ నిమ్మకాయ షర్బతు!"

గ్లాసులొచ్చాయి. వల్లిక వెనక వరసలోంచి లేచి నిలబడింది. ఈసారి చుట్టుకోలేదు.

"అయ్యా, తాగకండి. ఒక్కసారి మరిగించనివ్వండి."

"మరిగిస్తే చల్లారేదెప్పుడు?" అన్నారు నెమలిగారు. సభ నవ్వింది.

ఎలుగుబంటి గ్లాసు వంక చూశాడు, దున్నగారి వంక చూశాడు. కళ్ళు మూసుకుని తాగేశాడు.

తర్వాత మూడు రోజులు విశ్వవిద్యాలయంలో నిటారుగా నడిచిన అధికారి లేడు. నెమలిగారి పింఛం గురించి చెప్పకపోవడమే మర్యాద.

హాస్టల్లో వల్లిక నీళ్ళు మరిగించి, చల్లార్చి, ఇంత ఉప్పూ బెల్లమూ కలిపి కుందేళ్ళకు గుక్కగుక్కగా పట్టింది. రెండో రోజుకు చెంగల్వ ఒక చెవి నిలబెట్టింది. మూడో రోజు వెనక గుమ్మంలో రోమశాచార్యులు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఆ నీళ్ళు నాకూ ఒక గ్లాసియ్యి."

ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకున్నాడు. "ప్లేటు సరిగ్గానే గీశావు," అన్నాడు మెల్లగా. "ఈ మాట నేనన్నానని ఎవరికీ చెప్పకు."

వారం తిరక్కుండా విచారణ నివేదిక నోటీసుబోర్డు ఎక్కింది. ప్రాక్టికల్స్ మొదలుపెట్టకముందు ఈ విశ్వవిద్యాలయంలో ఒక్క క్రిమి అయినా కనబడిన దాఖలా లేదు గనుక ప్రాక్టికల్స్ రద్దు. షర్బతు రోజున సభలో ఉండి కూడా జబ్బు పడని ఏకైక జంతువు వల్లిక గనుక ఆమెపై అనుమానం బలపడుతోంది. మొదటి సంవత్సరం మళ్ళీ చదవాలి. పై మడుగుకు 'స్వచ్ఛ సరోవరం' బిరుదు.

వల్లిక అంతా చదివింది. పొయ్యి మీద కుండ మరుగుతోందని గుర్తొచ్చి గబగబా వెళ్ళిపోయింది.

నీతి: క్రిమి కనబడితే, ముందుగా చూసిన కళ్ళను శుభ్రం చేయాలి.