బీరన్న గొంతు, సగం వేగం

ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా ఒక చిన్న పని ముగించి, పదింటికి మళ్లీ ముసుగుతన్ని పడుకోవాలని, సెలవుకు సొంతూరికి వచ్చిన మురళీధర్ పథకం. కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు గనుక, కంప్యూటర్‌తో అయ్యే పని ఏదైనా గంటలో తేలిపోతుందని అతని నమ్మకం. ల్యాబుల్లో పనిచేసే వాళ్లందరికీ ఆ నమ్మకం ఉంటుంది, పాపం.

చివ్వెంల దగ్గరున్న ఆ ఊళ్లో అతని తండ్రి బీరన్నకు నలభై రెండు గొర్రెలున్నాయి. ముప్పై ఏళ్లుగా వాటి వెంట అరిచి అరిచి బీరన్న గొంతు పుండైంది. సూర్యాపేట డాక్టరు గట్టిగానే చెప్పాడు: పదిహేను రోజులు గొంతెత్తకూడదు, గుసగుసలు కూడా వద్దు, ఒక్క కేక వేసినా మాట శాశ్వతంగా పోవచ్చు. బీరన్న బుద్ధిగా తలూపాడు. కానీ గొర్రెలు ఎవరి చేనులోనైనా పడితే బీరన్న అరవకుండా ఉండలేడని భార్య సాయమ్మకు తెలుసు. ఆ భయంతో ఆమెకు మూడు రోజులుగా నిద్ర లేదు.

"ఏదన్న చెయ్యిరా. మీ నాయిన నోరు కట్టేసి కూసోవెట్టలేను గద," అంది కొడుకుతో.

అదృష్టం కొద్దీ, మూడు నెలల కింద బీరన్న పొరపాటున ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి కొడుక్కి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపి ఉన్నాడు. అందులో గాలి, గొర్రెల మెడల్లో గంటలు, పక్క చేను గౌరయ్య కుక్క, వాటి మధ్య బీరన్న పిలుపు: "హోయ్! ర్ర్ర్ర్! రా రా రా!" దాన్ని ల్యాప్‌టాప్‌లో శుభ్రం చేసి స్పీకర్లో వినిపిస్తే చాలు, గొర్రెలు వచ్చేస్తాయి. నాయిన నోరు విప్పే పనే ఉండదు. ఎంత సులువు!

ఏది అనవసరపు చప్పుడో ఒక ముక్క చూపిస్తే అలాంటిదంతా తీసేస్తానంది ఆడియో సాఫ్ట్‌వేర్. మురళీధర్ గాలి హోరుమనే చోటు చూపించాడు. ఆ హోరు వెనకే తండ్రి 'ర్ర్ర్ర్' అంటున్న సంగతి గమనించలేదు. సాఫ్ట్‌వేర్ గాలిని, బీరన్నను కలిపి ఊడ్చిపారేసింది. చివరికి మిగిలింది గౌరయ్య కుక్క.

గొర్రెలు మేసే చెలకలో స్పీకర్ మోగించగానే అది ఎంత ముచ్చటగా మొరిగిందంటే, మంద మొత్తం ఒకే పరుగున వెళ్లి గౌరయ్య మిరప చేనులో పడింది. బీరన్న నోరు తెరిచాడు. సాయమ్మ ఆయన భుజం మీది కండువాను ఆ నోట్లోనే దూర్చింది. మురళీధర్ ముళ్లలో పడి లేచి గొర్రెలను తోలుకొచ్చాడు.

"మొరుగుడు మంచిగనే వచ్చిందిరా. మీ నాయినేడి?"

"తీసేసింది అమ్మా. చప్పుడు అనుకున్నది."

"ముప్పయేండ్ల సంది నాకు చేతగాని పని గీ డబ్బ ఎట్ల చేసిందిరా!"

మురళీధర్ పౌరుషంగా మళ్లీ మొదటినుంచి చేసి, ఫైలు సేవ్ కొట్టి తల్లి ఫోన్‌కు పంపాడు. ఫోన్ దాన్ని తెరవనే తెరవలేదు. కోదాడలో రికార్డింగ్ గది నడిపే స్నేహితుడు ప్రేమ్ కుమార్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వు పంపింది ఆడియో కాదు, నీ పని ఫైలు. వంట కాకముందే గిన్నె పంపితే ఎలా? ఎక్స్‌పోర్ట్ కొట్టి పంపు, అప్పుడు ఎక్కడైనా మోగుద్ది."

"గంత మాత్రం నాకు తెల్వదా?" అన్నాడు మురళీధర్, తెలియదు కాబట్టి.

ఈసారి ఫోన్‌లో చోటు చాలలేదు. సాయమ్మ ఫోన్ నిండా ఎనిమిది వందల శుభోదయం బొమ్మలు. ఒక్కటీ తీయనివ్వలేదు. ఫైలు చిన్నది చేద్దామని మురళీధర్ ట్రాక్ పక్కన కనబడిన పెద్ద అంకెను సగం చేశాడు. ఆ అంకె తగ్గిస్తే తగ్గేది ఫైలు కాదు, గొంతు వేగం. చివరికి సాయమ్మ గుండె రాయి చేసుకుని రెండు గులాబీ బొమ్మలు తీసేస్తే గానీ ఫైలు పట్టలేదు. ఒక్కసారి విని చూసుకునే ఓపిక కూడా లేక, మురళీధర్ చెలక పక్కనే ఉన్న ఇంటికిపోయి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాడు.

మధ్యాహ్నం ఎండ మెత్తగా కమ్ముకుంది. సాయమ్మ ఫోన్‌ను స్పీకర్‌కు తగిలించి నొక్కింది.

"హో...ఓ...య్... ర్...ర్...ర్... రా... రా..."

బావి అడుగునుంచి వచ్చినట్టు ఉందా గొంతు. గొర్రెలు తలలెత్తాయి. నమలడం ఆపాయి. ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, స్పీకర్ చుట్టూ మోకాళ్లు మడిచి కూర్చున్నాయి. తన గొంతులో ఇంత మెత్తదనం ఉందని బీరన్నకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వేపచెట్టు నీడలో వెల్లకిలా పడుకుని, కండువా ముఖం మీద కప్పుకున్నాడు. సాయమ్మ కూర్చున్నచోటే ఒరిగింది. గౌరయ్య కుక్క కూడా వచ్చి గొర్రెల మధ్యన చోటు చూసుకుంది. గాలి ఉందో లేదో తెలియడం లేదు. బీరన్న కలలో గొర్రెలే ఆయన్ను మేపడానికి తోలుకుపోతున్నాయి. ఎటు పోతున్నామని ఆయన అడగలేదు, హాయిగా నడుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే, విరిగిన మిరప మొక్కల సంగతి తేల్చుకుందామని గౌరయ్య గట్టు మీదికి వచ్చాడు. ఆ మూలుగు విన్నాడు. ముఖాన గుడ్డ కప్పుకున్న మనిషిని చూశాడు. కోపం దిగిపోయింది. దగ్గరికి పోయి చూసే ధైర్యం లేక, మిర్యాలగూడలో ఉండే బీరన్న కూతురు వసంతకు ఫోన్ కొట్టాడు.

"మీ నాయిన పాణం ఈడుస్తున్నడు బిడ్డా! గొర్లు గూడ సుట్టు కూసొని సూస్తున్నయి!"

వసంత అన్నకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. అన్న నిద్రలో ఉన్నాడు. ఏడుస్తూ బస్సెక్కి, సూర్యాపేటలో దిగి, ఆటోలో నాలుగింటికి చెలక చేరి, "నాయినా!" అంటూ తండ్రి మీద పడింది.

బీరన్న ఉలిక్కిపడి లేచాడు. మాట్లాడకూడదు గనుక రెండు చేతులూ ఊపాడు.

"అయ్యో, నాయినకు మాట పడిపోయింది!"

బతికే ఉన్నానని చెప్పడానికి బీరన్న గుండెలనిండా గాలి పీల్చాడు. ఆ కేక గనుక బయటికొచ్చి ఉంటే మాట నిజంగానే పోయేది. సాయమ్మ నిద్రలోంచే ఎగిరొచ్చి అరచేత్తో ఆయన నోరు మూసింది.

"ఊపిరన్న ఆడనియ్యవమ్మా సాయమ్మా!" అని గట్టు మీదినుంచే గౌరయ్య గోడుగోడున ఏడ్చాడు.

ఆ గోలకు లేచొచ్చిన మురళీధర్ అంతా విడమరిచి చెప్పేసరికి అరగంట పట్టింది. రాత్రికల్లా తప్పు దొరికించుకుని, అంకె సరిచేసి, మంచి ఫైలు చేశాడు. సాయమ్మ దాన్ని ఫోన్‌లోకి రానివ్వలేదు.

"నీ మంచిది నీ దగ్గర్నే ఉంచుకో. గీ మొద్దుదానికే గొర్లు దారికొచ్చినయి. మీ నాయిన గూడ."

మిగిలిన రోజులన్నీ మొద్దు గొంతే మందను మేపింది. బీరన్న పెదవి విప్పలేదు. పదహారో రోజు డాక్టరు టార్చి వేసి చూసి, గొంతు బాగైంది, ఇక అరుచుకోవచ్చన్నాడు. బీరన్న ఆటో దిగి సరాసరి చెలకలోకి నడిచాడు. పంచె పైకి కట్టాడు.

"హోయ్! ర్ర్ర్ర్! రా రా రా!"

గొర్రెలు తలలెత్తి, ఎవరో కొత్త మనిషన్నట్టు చూసి, మళ్లీ గడ్డిలోకి వంగాయి. ఇంకోసారి పిలిచాడు. ఒక ముసలి గొర్రె నాలుగడుగులు అవతలికి జరిగింది. బీరన్న ముఖం చిన్నబోయింది.

"నన్ను గుర్తువట్టలేదేందే సాయమ్మా?" అన్నాడు. గొంతు బాగైంది గానీ వణికింది.

"జర మెల్లగ పిలువు," అంది సాయమ్మ జాలిగా.

"ఇంక మెల్లగ నాయినా. ఇంక లాగు. ఇందుల సగం," అంటూ, డాక్టరు దగ్గరికి తోడొచ్చిన మురళీధర్ చేత్తో తాళం వేశాడు.

"హో...ఓ...య్..." అన్నాడు బీరన్న, సిగ్గుతో చస్తూ. నలభై రెండూ ఒక్కో అడుగే వేస్తూ వచ్చి చుట్టూ కూర్చున్నాయి.

ఇప్పుడు బీరన్నకు ఇంట్లో కోపమొచ్చినా అదే వేగంతో తిడతాడు. తిట్టు పూర్తయ్యేలోగా సాయమ్మ గిన్నెలు తోమడం అయిపోతుంది.