మేకను వెనక్కి తెచ్చినవాడు

ఆ గురువారం రూలోఫ్ పెందలాడే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఉట్రెక్ట్ నగరం కాలువలో కట్టేసి ఉన్న తన పడవింటి ముందుభాగంలో పచార్లు మొదలుపెట్టాడు. పదకొండింటికి వంతెన అవతల గోదాములో ఇంటర్వ్యూ. తను పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఎనిమిది నెలలైంది. యాభై మూడేళ్ల వయసులో ఇది ఏడోది. ఆరుసార్లూ చిక్కు లెక్కల దగ్గరే బోల్తా పడ్డాడు. అందుకే కూతురు యెల్కా రాత్రి కూర్చోబెట్టి ఒకటి బట్టీ పట్టించింది: ఒక మనిషి తోడేలును, మేకను, క్యాబేజీని ఏరు దాటించాలి. పడవలో తనతోపాటు ఒక్కటే పడుతుంది. తను పక్కన లేకపోతే తోడేలు మేకను తింటుంది, మేక క్యాబేజీని తింటుంది.

"తోడేలును అవతల దించేసి, మేకను వెనక్కి తెచ్చేస్తా," అని పైకే అనుకుంటున్నాడు.

పక్క పడవింట్లో పూలకుండీలకు నీళ్లు పోస్తున్న ట్రూస్ గారి చెయ్యి ఆగిపోయింది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. అడవుల్లో తోడేళ్లు మళ్లీ తిరుగుతున్నాయని వార్తల్లో విన్నప్పటినుంచి తలుపుకు రెండు గడియలు వేసుకుంటోంది.

"తోడేలేమిటయ్యా రూలోఫ్?"

ఆవిడకూ ఈ లెక్క తెలుసు కాబోలనుకున్నాడు. "ఏం భయం లేదండీ. నేను దగ్గరుంటే అది ఏమీ చెయ్యదు."

"నువ్వు లేకపోతే?"

"మేకను తినేస్తుంది."

"పదకొండింటికి ఎక్కడికో వెళ్లాలన్నావుగా!"

"అవునండీ. ఆలోపే మూడింటినీ దాటించెయ్యాలి," అంటూ టై కట్టుకోవడానికి లోపలికి వెళ్లాడు.

ట్రూస్ గారు నీళ్ల డబ్బా కింద పెట్టకుండానే పోలీసులకు ఫోన్ చేసింది. "మూడున్నాయట!" అంది. మూడు తోడేళ్లని అవతలివాళ్లు రాసుకున్నారు.

పదీ ఇరవైకి రూలోఫ్ సైకిలు మీద వంతెన దగ్గరికి చేరేసరికి దారికి అడ్డంగా పట్టీ కట్టేసి ఉంది. రెండు పోలీసు కార్లు, వల పట్టుకున్న జంతు సంరక్షకుడు, చుట్టూ జనం. కబురు రొట్టెల దుకాణం దాకా చేరేసరికి తోడేళ్లు అయిదయ్యాయి.

"వంతెన మూసేశాం. వెనక్కి తిరగండి," అంది పోలీసమ్మాయి.

"అయ్యో, నాకు ఇంటర్వ్యూ ఉంది! ఏమైందసలు?"

"ఎవడో పడవలో తోడేళ్లను దాటిస్తున్నాడట. మేక కూడా ఉందట."

రూలోఫ్ నోరు ఊరుకోలేదు. "క్యాబేజీ కూడానా?"

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. "మీకెలా తెలుసు?"

వలవాడు వచ్చి రూలోఫ్ వెనకాల నిలబడ్డాడు. ఇక చెప్పక తప్పలేదు. వంతెన గోడ మీద సుద్దతో ఏరు గీసి, చేతితొడుగును తోడేలుగా, రుమాలును మేకగా, ఆపిల్‌ను క్యాబేజీగా పెట్టి విడమరచడం మొదలుపెట్టాడు. "మొదట మేకను దాటిస్తా. తర్వాత తోడేలును తీసుకెళ్లి, మేకను వెనక్కి తెస్తా..."

"వెనక్కా? తప్పు!" అన్నాడు జనంలోంచి బూడిదరంగు కోటాయన. "ముందు క్యాబేజీ దాటించాలి."

"అలాగైతే ఇవతల తోడేలు మేకను మింగేయదుటండీ?" అన్నాడు వలవాడు.

కోటాయన ముఖం మాడిపోయింది. "మళ్లీ చెప్పండి."

రూలోఫ్ మళ్లీ చెప్పాడు. మేకను ఇవతల దించి క్యాబేజీని తీసుకెళ్లి, చివరికి మేక కోసం తిరిగి రావడం దాకా మొత్తం మూడుసార్లు చెప్పాడు. పోలీసమ్మాయి నవ్వాపుకుంటూ పట్టీ విప్పేసింది. అప్పటికి పదకొండుంబావు.

రూలోఫ్ ఆపిల్ జేబులో వేసుకున్నాడు. "ఏడోదీ పోయింది. గోదాము ఆయన నాకోసం కూర్చుని ఉంటాడా?"

"కూర్చోలేదు," అన్నాడు కోటాయన. "వంతెన మూసేస్తే, పది గంటల నుంచి ఇక్కడే నిలబడి ఉన్నాడు."

రూలోఫ్ గబగబా టై సర్దుకున్నాడు.

ఆయన గొంతు తగ్గించాడు. "ఆరేళ్లుగా ఈ ప్రశ్న నేనే అడుగుతున్నానండీ. మేకను వెనక్కి తెస్తామన్నవాళ్లను, చేసిన పని చెడగొట్టుకునే రకమని పంపించేశాను. ముందు క్యాబేజీ అన్నవాళ్లనే తీసుకున్నాను."

"ఎంతమందిని?"

"ఇప్పుడు గోదాములో ఉన్న అందర్నీ." ఆయన చెయ్యి చాచాడు. "సోమవారం వచ్చి చేరండి. లెక్క తెలిసినవాళ్లు మీరొక్కరైనా ఉండాలి."

సోమవారం గోదాములో అడుగుపెట్టిన రూలోఫ్‌కు, సరుకంతా అలా చిందరవందరగా ఎందుకు పడి ఉందో ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.