ఏమీ మార్చకపోతే ఫీజు లేదు

ఇన్సూరెన్సు పాలసీలో ఒక్క అంకె మార్చాలన్నా, అసలు పాలసీయే వద్దన్నా కంపెనీవాళ్లు ఫీజు పుచ్చుకుంటారే, ఆ ఫీజు కనిపెట్టిన మహానుభావుడికి నిలువెత్తు విగ్రహం పెట్టించాలి! దాని మొహం ఎటు తిప్పాలన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. తర్వాత తిప్పాలంటే మళ్లీ ఫీజు.

నవ్వకండి. నేను అబద్ధమాడితే మీసం తీయించుకుంటాను. మీకు మీసమే లేదు కదా అంటారా? ఎందుకు లేదో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

మనిషి చెడేది ఎక్కడ? మనసు మార్చుకునే దగ్గర! మా పల్లె బడిలో పలక మీద తప్పు రాస్తే ఉమ్మి రాసి అరచేత్తో చెరిపేసేవాళ్లం. ఫారం లేదు, పన్ను లేదు, అంతా ఉచితం. ఫలితం? మా తరగతిలో ఒక్కడికీ పద్నాలుగో ఎక్కం రాలేదు. చెరుపుకింత అని పంతులుగారు వసూలు చేసి ఉంటే, ఈపాటికి మేమంతా లెక్కల్లో ఉద్దండులమై ఉండేవాళ్లం.

ఈ ఫీజు ఎన్ని కాపురాలు నిలబెట్టిందో తెలుసా? మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన, ఆయన భార్య విడిపోదామనుకున్నారు. ఇద్దరి పాలసీల్లోనూ, తాను పోతే డబ్బు ఎవరికివ్వాలన్న చోట ఒకరి పేరు ఒకరు రాసుకుని ఉన్నారు. ఆ పేర్లు మార్చడానికి ఎంతవుతుందో కనుక్కుని వచ్చి, ఒకే కప్పు కాఫీ ఇద్దరూ పంచుకుని తాగారు. ఇప్పుడు ముగ్గురు పిల్లలు!

ఇంకొకాయన, పోస్టుమాస్టరుగా చేసి రిటైరైనవాడు, ఫారంలో చెయ్యి జారి ‘రోజుకు పది సిగరెట్లు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. బుద్ధెరిగాక పొగ ముట్టి ఎరగడు. టిక్కు తీయించడం కంటే సిగరెట్లే చవకని లెక్క తేలింది. పాపం, దగ్గుతూ దగ్గుతూ నేర్చుకుంటున్నాడు. ఇప్పటికి ఏడు దాకా వచ్చాడు. మాట మీద నిలబడటమంటే అదీ!

అయినా, ఈ ఫీజు మహిమ మొత్తం తెలియాలంటే మా బావమరిది సంగతి వినాలి.

మా బావమరిది దర్జీ. కొత్తవి కుట్టేది తక్కువ, పాతవి సరిచేసేది ఎక్కువ. ఏ పంట్లాం కుట్టినా నడుము దగ్గర లోపల రెండు వేళ్ల గుడ్డ అదనంగా మడిచి వదులుతాడు. “మనిషన్నాక మారతాడు బావా. మారినప్పుడు విప్పుకోడానికి చోటుండొద్దూ?” అంటాడు. ఆ రెండు వేళ్ల గుడ్డకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. చూశారా, ఎంత వెనకబడిన ఆలోచనో!

అతడి సంసారమంతా ఒక్క మోటారు మిషన్ మీద నడుస్తోంది. అది పోతే ఇంకోటి కొనే తాహతు లేదు. అందుకే దానికి ఇన్సూరెన్సు చేయించాడు. నిప్పంటుకున్నా, నీళ్లు పడ్డా, పైకప్పు కూలినా డబ్బిస్తారు. మిషన్ ఎక్కడుంటుందో కూడా పాలసీలో రాశారు. ఏడో నంబరు గది.

ఈసారి వానలకు ముందు ఆ ఏడో నంబరు గది పైకప్పు బీటలు వారి, సరిగ్గా మిషన్ నెత్తిన చిల్లు పడింది. ఇంటి ఓనరు తల పైకెత్తి చూసి, “వెలుతురు బాగా వస్తోందే!” అన్నాడు. చేసేది లేక మా బావమరిది ఎదురు వరసలో పన్నెండో నంబరు గది తీసుకున్నాడు. తానూ భార్యా చెరో పక్క పట్టుకుని మిషన్‌ను రోడ్డు దాటించారు. ఎంత దూరం? ఇరవై అడుగులు. పాత గదికి నెలాఖరు దాకా అద్దె కట్టేసి ఉంది కాబట్టి తాళంచెవి ఇంకా జేబులోనే ఉంది.

బుద్ధిమంతుడు కదా, మర్నాడే కంపెనీ ఆఫీసుకు వెళ్లి టోకెను తీసుకుని కూర్చున్నాడు. కౌంటర్ అమ్మాయి పిలిచింది.

“రోడ్డుకు ఇటు నుంచి అటు మారాం తల్లీ. నంబరు మార్చాలి.”

“ఎప్పుడు మారారంకుల్?”

“నిన్న పొద్దున.”

ఆ అమ్మాయి టకటకా కంప్యూటర్‌లో ఏదో కొట్టుకుంది. “మార్పు ఫీజు, తనిఖీ ఫీజు, రెండింటి మీదా పన్ను. మొత్తం ఇదిగో.”

ఎంత మొత్తమైనా మా వాడు పంట్లాల్లోకి మార్చుకుని చూస్తాడు. పదకొండు పంట్లాల కుట్టుకూలి!

“ఏడు కొట్టేసి పన్నెండు రాయడానికి పదకొండు పంట్లాలా?”

“పంట్లాలు తీసుకోమంకుల్. డబ్బే కట్టాలి.”

“పోనీ, రద్దు చేసెయ్.”

“రద్దుకు వేరే ఫీజు. మీకు తిరిగొచ్చే దానికంటే అదే ఎక్కువ. పైన మీరే కొంచెం కట్టాలి.”

“వద్దు మొర్రో అన్నందుకు నేనే కట్టాలా?”

“రూల్ అంకుల్.”

“మరి ఏమీ మార్చకుండా ఇంటికి పోతే?”

“దానికేం లేదు. ఫ్రీ!” అంది. నవ్వింది కూడా. మంచి పిల్ల.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్లకు పాలసీలు లేవు కాబట్టి అక్కడితో ఆపారు.

మా బావమరిది గదికి తిరిగొచ్చేసరికి భార్య గుండీలు కుడుతోంది.

“లే, మిషన్ ఆ చివర పట్టు. పాత గదికి తీసుకుపోదాం.”

“ఎండ గానీ తగిలిందా మీకు? అక్కడ నీళ్లు పడతాయనేగా నిన్న నడుములు పడిపోయేట్టు మోసుకొచ్చాం!”

“ఇక్కడ తడవదు. కానీ తడిస్తే డబ్బు రాదు. అక్కడ తడుస్తుంది. తడిస్తే డబ్బొస్తుంది. ఏది మంచిది?”

“తడవకపోవడం!”

“నీకు ఇన్సూరెన్సు సంగతులు తెలీవు, ఊరుకో.”

“మీకు తెలిశాయిగా, మిషన్ మళ్లీ రోడ్డెక్కింది!”

తగువు తేలలేదు. ఆ సమయానికి అక్కడే ఉన్న ఒక పెద్దమనిషిని అడిగారు. ఆ పెద్దమనిషి గొంతు సవరించుకుని, “కాగితంలో ఎక్కడుందో మిషన్ కూడా అక్కడే ఉండటం క్షేమం” అని తీర్పు చెప్పాడు. సాయంత్రానికల్లా మిషన్ ఏడో నంబరు గదిలో, చిల్లు కింద, తన పాత చోటుకు చేరింది.

నలభై ఏళ్లుగా మనిషి కొలతకు గుడ్డ కత్తిరించినవాడు, ఆ రోజు కాగితం కొలతకు తన బతుకు కత్తిరించుకున్నాడు. ఎంత ఎదుగుదల!

నాలుగో రోజు మధ్యాహ్నం వాన పడింది. అలాంటిలాంటి వాన కాదు. మా వీధిలో కుక్కలు కూడా గొడుగు కోసం మనుషుల మొహాల్లోకి చూశాయి. మా బావమరిది టీ తాగడానికి వీధిలోకి వెళ్లిన ఆ అయిదు నిమిషాల్లో చిల్లు చుట్టూ ఉన్న పైకప్పు పెళ్లలు పెళ్లలుగా ఊడి మిషన్ మీద పడింది. చక్రం విరిగింది, మోటారు మాడింది. భార్య నెత్తి బాదుకుంటుంటే, అతడు గొడుగు తీసుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. నవ్వుతూ!

కంపెనీ తరఫున ఒకాయన వచ్చి ఫోటోలు తీసుకుని పోయాడు. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. అందులో ఏముందో అర్థం కాక, పట్టుకుని మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లాడు.

“మీరు పన్నెండుకు మారామని చెప్పారు కదంకుల్, నేను నోట్ చేశాను. మా సిస్టంలో మీ మిషన్ ఏడులో లేదు.”

“మర్నాడే మళ్లీ ఏడుకు తెచ్చేశాను కదమ్మా!”

“అది ఇంకో మార్పు. అది మీరు చెప్పలేదు.”

“అసలు ఫీజే కట్టలేదు కదా, అసలు మారనట్టే కదా?”

“ఫీజు కట్టలేదు కాబట్టి పన్నెండులో కవర్ లేదు. మారారు కాబట్టి ఏడులో లేదు.”

అంటే కంపెనీ లెక్కలో మిషన్ రోడ్డు మధ్యలో ఉందన్నమాట! ఏ లారీ అయినా గుద్ది ఉంటే పరిహారం వచ్చేదేమో.

ఇప్పుడు మా బావమరిది పన్నెండో నంబరు గదిలో, చుక్క నీరు కారని చోట, చేతిసూదితో కుడుతున్నాడు. రోజుకు ఒక్క పంట్లాం తెములుతుంది. మిషన్ పోయింది గానీ దాని పాలసీ నిక్షేపంలా ఉంది. తీసేయాలంటే ఫీజు కట్టాలి మరి! నెల నెలా ఫోనుకు సందేశం వస్తోంది, “మీ మిషన్ మా రక్షణలో భద్రంగా ఉంది” అని.

మొన్న నడుము బిగుసుకున్న పంట్లాం ఒకటి పట్టుకుని వెళ్లాను. కళ్లద్దాలు సవరించుకుని కుట్టు విప్పాడు. లోపల రెండు వేళ్ల గుడ్డ, ఎప్పుడో అతడు వదిలి ఉంచిందే. పొద్దుటి నుంచి చేత్తో కుట్టీ కుట్టీ వేలి కొసలు కమిలి ఉన్నాయి. కూలి ఎంతంటే పుచ్చుకోలేదు.

“మనిషన్నాక మారతాడులే బావా” అన్నాడు.

“మారరు. అన్నయ్య ఆ రోజు గొంతు సవరించుకున్నట్టే ఇప్పుడూ సవరించుకుంటున్నారు” అంది అతడి భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

అవునండీ. ఆ పెద్దమనిషిని నేనే.

ఇచ్చిన సలహా రద్దు చేసుకోవాలంటే ఏ ఆఫీసులో ఏ ఫీజు కట్టాలో నాకు తెలియదు. తెలిస్తే ముందు వరసలో నిలబడి కట్టేవాణ్ని. నాకు వచ్చిన విద్య ఒక్కటే, పల్లె బడిలో నేర్చుకున్నది. ఇంతసేపూ నేను రాసినదంతా ఉమ్మి రాసి అరచేత్తో చెరిపేస్తున్నాను.

విగ్రహం మాత్రం తప్పకుండా పెట్టించండి. ఏడో నంబరు గదిలో, సరిగ్గా ఆ చిల్లు కింద. మళ్లీ అక్కణ్ణించి కదపొద్దు.