అనీస్ వాళ్ళ నాయినకు ఫస్ట్ ర్యాంకు

మస్తాన్ వలీకి చదువంటే కోపమేమీ లేదు. అది ఎక్కడో దూరంగా, వేరేవాళ్ళ ఇంట్లో ఉన్నంతకాలం ఆయన కూడా దాన్ని గౌరవిస్తాడు. ఖర్మ కాలి ఆ చదువు సౌదీలో తబూక్ దాకా వెతుక్కుంటూ వచ్చి, యాప్ రూపంలో ఆయన ఫోన్‌లోనే కాపురం పెట్టింది.

తబూక్ అవతల తోటల మధ్య ఉర్లగడ్డల, అంటే ఆలుగడ్డల, ప్యాకింగ్ ఫ్యాక్టరీలో ఆయన బెల్టు ఆపరేటరు. బెల్టు మొరాయించినప్పుడల్లా ఎడంపక్కకు పోయి, ఒక బోల్టు పైన అరచేత్తో ఒక్కటిచ్చేవాడు. నడిచేది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన నేర్చుకున్న ఇంజనీరింగ్ అంతా ఆ దెబ్బలోనే ఉంది. అది ఏ బోల్టో ఎవ్వరికీ చెప్పలేదు, పోటీ వస్తారని.

ఇప్పుడు కంపెనీ ఆ బెల్టు పీకేసి, షెడ్డు పైన సోలార్ పలకలు పరిచి, ఉర్లగడ్డ ముఖం కెమెరాతో చూసి మంచిదో పుచ్చుదో తేల్చే యంత్రం తెచ్చింది. పాతవాళ్ళంతా కొత్త పని నేర్చుకోవాలని యాప్‌లో పాఠాలు పెట్టింది. కరెంటు ఎట్ల మిగిలించాల, తెర మీద వేలుతో యంత్రాన్ని ఎట్ల నడపాల, పనిలో మనిషి సుఖం ఎట్ల చూసుకోవాల. అన్నీ తెలుగులోనే ఉన్నాయి కాబట్టి అర్థం కాలేదనడానికీ లేదు. పాసైనవాళ్ళు ఇక్కడే ఉంటారు. కానివాళ్ళు హఫర్ అల్ బాతిన్ గోదాముకు పోతారు. అక్కడుండేది క్యాంపు. మంచం పైన మంచం తప్ప ఫ్యామిలీ క్వార్టర్లు లేవు. అంటే భార్య జైనాబీ, కొడుకు అనీసు తిరిగి ప్రొద్దుటూరుకు, ఆయన పైమంచానికి.

పాఠాలు చూసుకునే ఆఫీసరు అఖీల్, హైదరాబాదాయన. సస్టెయినబుల్ అనకుండా మంచినీళ్ళు కూడా అడగడు కాబట్టి ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని సస్టెయినబుల్ సాబ్ అంటారు.

మస్తాన్ వలీ డ్యూటీ దిగి వచ్చి మొదటి పాఠం పెట్టుకున్నాడు, నిద్ర పట్టింది. మర్నాడు రెండో పాఠం పెట్టుకుందామనుకున్నాడు, నిద్రే ముందొచ్చింది. ఆ నిద్రలోనే ఉపాయం తట్టింది.

"మే, టెన్త్‌లో నువ్వే ఫస్టని మీ అమ్మ చెప్తాంటుంది గదా" అన్నాడు టీ గ్లాసు అందుకుంటూ.

అత్తగారి మాటను ఆయన ఒప్పుకోవడం పెళ్ళయినాక అదే మొదలు. జైనాబీ స్టవ్ తగ్గించి, ఏం కావాల్నో తిన్నగా చెప్పమంది.

చెప్పాడు. తన బదులు పాఠాలు ఆమె వినాల, జవాబులు ఆమె నొక్కాల. ఇది మోసం కాదనీ, మొగుడూపెండ్లాలు పని పంచుకోవడమేననీ ఉపన్యాసం ఇచ్చాడు. ఇంతవరకు ఆ ఇంట్లో పని పంచుకున్న దాఖలా ఏదీ లేదు గానీ, మంచి పని ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టాల గదా.

"రేపు యంత్రం ముందర నిలబెట్టి అడిగితే ఏం చేస్తావు?" అంది జైనాబీ.

"ఎవురడుగుతారు? సర్టిఫికెట్టు చూపిస్తే సాలు. ఏ దేశం యంత్రమైనా ఒక్క దెబ్బకు దారికి రావాల్సిందే."

జైనాబీ ఆయన అరచేతి వంక కాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసుకుంది.

మొదట్లోనే చిక్కొచ్చింది. "మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి?" అని యాప్ నోటితో చెప్పమంది. జైనాబీ కొంగు సర్దుకుంది. మొగుని పేరు ఎట్ల పలికేదంట. వాళ్ళ ఇంట్లో ఆ అలవాటు లేదు, వాళ్ళ అవ్వ కాపురమంతా తాతను "ఇదో, నిన్నే" అని పిలిచే గడిపేసింది. మస్తాన్ వలీకి అప్పటికే రెప్పలు వాలుతున్నాయి. ఏదో ఒకటి చెప్పుకోమని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అనీస్ వాళ్ళ నాయిన" అని జైనాబీ ఫోన్‌కు చెప్పింది. అనీస్ వాళ్ళ నాయిన గారికి స్వాగతమని యాప్ మర్యాదగా అంది.

పాఠాలు నడిచేకొద్దీ మస్తాన్ వలీకి ఇంట్లో ఉక్కపోత మొదలైంది. ఏసీ ఇరవై ఆరు మీదికెక్కి, దిగమంటే దిగలేదు. ఫ్రిజ్ తలుపు తీసి లోపల ఏముందో ఆలోచించే హక్కు పోయింది, బయటే ఆలోచించుకుని రావాల. ఒకరోజు భోజనమయ్యాక జైనాబీ ఆయన చేతిలో పీచు పెట్టింది.

"పనిచేసే మనిషి సుఖం చూసి పని ఏర్పాటు చేయాలంట, ఐదో పాఠం. ఈ వంటింట్లో ఆ మనిషిని నేనే."

సర్టిఫికెట్టు గుర్తుతెచ్చుకుని మస్తాన్ వలీ గిన్నెలు తోమాడు.

కొత్త యంత్రం మొదలుపెట్టే రోజు ఫలితాలొచ్చాయి. సస్టెయినబుల్ సాబ్ అందరినీ షెడ్డులో నిలబెట్టి చదివాడు. ఫస్ట్ ర్యాంకు, అనీస్ వాళ్ళ నాయిన. షెడ్డంతా తలలు తిప్పి వెతికింది. పాసైనవాళ్ళలో మస్తాన్ వలీ అనే పేరే లేదు.

పక్కనున్న హన్మాండ్లుది జగిత్యాల. తంటాలు పడి తన పాఠాలు తనే చదువుకుని గట్టెక్కినవాడు. "గా అనీస్ ఎవ్వని కొడుకో గని, వాళ్ళ నాయిన మస్తు హుషారున్నడు" అని మెచ్చుకున్నాడు.

నోరు మూసుకుంటే హఫర్ అల్ బాతిన్. మస్తాన్ వలీ చెయ్యెత్తి, ఆ నాయిన తనేనన్నాడు.

అఖీల్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇంత సస్టెయినబుల్ వర్కర్ మన మధ్యే ఉన్నాడంటూ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, యంత్రం మస్తాన్ భాయే ఆన్ చేస్తాడని ప్రకటించాడు.

తెర వెలిగింది. ఈ రోజు ఏ పని మొదలుపెడదామని యంత్రం తెలుగులోనే అడిగింది. మస్తాన్ వలీ జవాబు చెప్పకుండా ఎడంపక్కకు నడిచాడు. బోల్టు కోసం తడిమాడు. అద్దంలాగా నున్నగా ఉంది, బోల్టు లేదు. ఉండాల్సిన చోటు అంచనా వేసుకుని, అల్లాను తల్చుకుని ఒక్కటిచ్చాడు.

యంత్రం ఎర్రలైటు వేసింది. "మీరు అలసిపోయినట్టున్నారు. కాసేపు కూర్చోండి" అంది.

దెబ్బ తిని ఇంత మర్యాదగా మాట్లాడిన యంత్రాన్ని ఆయన చూడలేదు. వెటకారమేమోనని అనుమానమొచ్చి ఇంకోటిచ్చాడు. ఈసారి యంత్రం కదిలింది గానీ, కెమెరాకు కళ్ళు తిరిగినట్టున్నాయి. వచ్చిన ప్రతి ఉర్లగడ్డనూ పుచ్చుదనుకుని, గాలి ఊది చెత్తగుంతలోకి తోసేయడం మొదలుపెట్టింది. ఒకటి మాత్రం దారి తప్పి అఖీల్ బూటు దగ్గర ఆగింది.

హన్మాండ్లు పోయి తెర మీద ఆపే గుర్తు నొక్కాడు కాబట్టి మిగతా సరుకు బతికింది.

అఖీల్ ఉర్లగడ్డను చూశాడు, మస్తాన్ వలీని చూశాడు, కాసేపు ఫోన్ చూసుకున్నాడు. పేరు ఇఖామాతో, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డుతో, కలవడం లేదు కాబట్టి రూలు ప్రకారం ఈ సర్టిఫికెట్టు చెల్లదన్నాడు. నెలాఖరుకు తన ఎదురుగా కూర్చుని మళ్ళీ రాయాల, తప్పితే హఫర్ అల్ బాతిన్. చివరగా, ఇంట్లో అనీస్ వాళ్ళ అమ్మను అడిగానని చెప్పమన్నాడు. అంత మాటలోనూ సస్టెయినబుల్ అనలేదు. మస్తాన్ వలీకి భయమేసింది అందుకే.

ఇంటికొచ్చి చిందులేశాడు. ఆమె పద్ధతులే కొంప ముంచాయన్నాడు. నోరు తెరిచి పేరు చెప్పుంటే ఈపాటికి సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించుకునేవాణ్ణన్నాడు.

జైనాబీ అంతా విని నిమ్మళంగా అంది. "చెప్పింటే నిన్ను రోజూ ఆ యంత్రం ముందర ఒంటరిగా నిలబెట్టిందురు. ఈ రోజు ఉర్లగడ్డలు పోయినాయి. రేపు నీ చెయ్యి పోతే సర్టిఫికెట్టు ఏ చేత్తో పట్టుకుంటావు?"

మస్తాన్ వలీ చెయ్యి వెనక్కు దాచుకున్నాడు.

"పేరు కలవకపోతే మళ్ళీ రాయనిస్తారు. ఆ రూలు పేరు అడిగేముందే యాప్ చెప్పింది. నువ్వు విన్లేదు, నేను విన్యా."

మస్తాన్ వలీకి అప్పుడు వెలిగింది. ఆ మధ్య జ్వరమొచ్చి ఆస్పత్రికి పోయినప్పుడు, కౌంటర్ దగ్గర ఈమే గదా ఇంటిపేరుతో సహా ఆయన పేరు గడగడా చెప్పింది.

"మే, ఆస్పత్రిలో నా పేరు పలికితివే?"

"అది జ్వరం. దీనికి వేరే మందు" అంటూ జైనాబీ ఫోన్ తెచ్చి ఆయన ముందర పెట్టి, మొదటి పాఠం తెరిచింది. ఏ పేరుతో పిలవాలని యాప్ మళ్ళీ అడిగింది.

"షేక్ మస్తాన్ వలీ" అంది జైనాబీ, బళ్ళో హాజరు పిలిచినంత స్పష్టంగా.

"ప్రెజెంట్ టీచర్" అనేసి మస్తాన్ వలీ నాలుక కరుచుకున్నాడు.

నెలాఖరుకు హఫర్ అల్ బాతిన్ బస్సు ఆయన లేకుండానే కదిలింది. అత్తెసరు మార్కులే గానీ, తన పేరు మీదే వచ్చాయి. ఏసీ మాత్రం ఇరవై ఆరు దిగలేదు, గిన్నెలు ఇప్పటికీ ఆయనే తోముతున్నాడు. పాఠాలు అయిపోయినాయి గదా అని ఒకసారి గుర్తుచేసి చూశాడు.

ఇవి ప్రాక్టికల్స్ అంది జైనాబీ.